సుఖమూ కాని, దుఃఖమూ కాని క్షణాలు: ఒక డయాలిసిస్ నర్సు ధ్యాన సాధనపై కేస్ స్టడీ

ఆమెకు 46 ఏళ్ళు. హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రి డయాలిసిస్ యూనిట్‌లో సీనియర్ స్టాఫ్ నర్సు. ఎల్బీ నగర్ వైపు ఇల్లు, రోజూ మెట్రోలో నగరం మధ్యకు ప్రయాణం. భర్తది చిన్న వ్యాపారం. ఇంటర్ చదివే కూతురు, పెద్దావిడ అత్తగారు ఇంట్లో ఉంటారు. నా దగ్గరికి వచ్చిన రోజు ఆమె మొదట అన్న మాట ఇది: "నాకేదో అయిపోయిందని కాదు మేడమ్. ఏదీ బాగున్నట్టు అనిపించడం లేదు."

నేను కౌన్సెలింగ్ సైకాలజిస్టుని. చాలా ఏళ్ళుగా విపశ్యన అనే బౌద్ధ ధ్యాన సాధన కూడా చేస్తున్నాను. ధ్యానం గురించి మాట్లాడేవాళ్ళలో నాకు రెండు రకాల మనుషులు ఎక్కువగా కనిపిస్తారు. శిబిరానికి వెళ్ళొచ్చాక జీవితమే మారిపోయిందనేవాళ్ళు ఒకరు, కొన్నాళ్ళు చేసి చూశాం ఏమీ రాలేదని వదిలేసినవాళ్ళు మరొకరు. ఈమె ఆ రెండు మాటలూ అన్నారు, కొన్ని నెలల తేడాతో. ఆ తర్వాత ఏడాది పాటు జరిగిన పనే ఈ కేసు. ఆమె అనుమతి తీసుకుని, గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చి రాస్తున్నాను.

మొదటి పరిశీలన

డ్యూటీ నుంచి వచ్చి అన్నం తిని ఫోన్ పట్టుకుంటే అర్ధరాత్రి దాటేది. నిద్ర ముక్కలు ముక్కలుగా పట్టేది. కూతురు ఏదైనా చెప్తుంటే తల ఊపేవారు గానీ ఒక్క ముక్కా లోపలికి వెళ్ళేది కాదు. ఆదివారం చర్చిలో పాడుతున్నా నోరు మాత్రమే పాడుతోందని అన్నారు. వార్డులో మాత్రం ఒక్క పనీ తప్పలేదు. ఈ రకమైన అలసటలో ఉన్న నర్సులు పనిలో చివరిదాకా నిలబడతారు. ఉన్నదంతా అక్కడే ఖర్చు చేసి ఇంటికి ఏమీ మిగలకుండా వస్తారు. అందుకే ఆసుపత్రిలో ఎవరికీ అనుమానం రాదు.

పీహెచ్‌క్యూ-9 ప్రశ్నావళిలో డిప్రెషన్ మధ్యస్థ స్థాయిలో, అంటే 10 నుంచి 14 మధ్య వచ్చింది. ఆత్మహత్య ఆలోచనలు లేవు. సైకోసిస్, బైపోలార్ చరిత్ర ఆమెకు గానీ దగ్గరి బంధువులకు గానీ లేదు. ధ్యానం పేరు ఎత్తకముందే ఈ ప్రశ్నలు అడిగి తీరాలి. ఆ చరిత్ర ఉన్నవాళ్ళకు రోజుల తరబడి మౌనంగా చేసే తీవ్ర సాధన మేలుకు బదులు కీడు చేయవచ్చు. ఫిజీషియన్ దగ్గర థైరాయిడ్, హిమోగ్లోబిన్, బి12 చూపించుకోమన్నాను. రక్తహీనత బయటపడి ఐరన్ మాత్రలు మొదలయ్యాయి.

డయాలిసిస్ యూనిట్ ఎలాంటి చోటో కొంచెం చెప్పాలి. చాలామంది రోగులు వారానికి మూడుసార్లు వస్తారు, ఒక్కోసారి దాదాపు నాలుగు గంటలు మెషీన్ మీద ఉంటారు. మిగతా వార్డుల్లో రోగి నయమై ఇంటికి వెళ్తాడు. ఇక్కడ అదే మనిషి ఏళ్ళ తరబడి వస్తూనే ఉంటాడు. ఎవరికి ఏ చేతికి ఫిస్టులా (డయాలిసిస్ సూది గుచ్చేందుకు సిద్ధం చేసిన రక్తనాళం) ఉందో, ఎవరి అమ్మాయికి సంబంధం కుదిరిందో, ఎవరు దొంగచాటుగా మామిడిపండు తిని వచ్చారో నర్సుకు తెలుస్తుంది. ఒకరోజు ఆ మంచం ఖాళీగా ఉంటుంది. తర్వాతి షిఫ్టుకే అక్కడ ఇంకొకరు పడుకుని ఉంటారు. ఇద్దరి మధ్యలో కాసేపు బాధపడేందుకు డ్యూటీలో టైమ్ ఉండదు. 2020, 2021ల్లో కోవిడ్ వచ్చినా డయాలిసిస్ ఆపడానికి లేదు కాబట్టి, ఆమె పీపీఈ కిట్లలో అదే పని చేశారు. ఆ రెండేళ్ళ గురించి మొదటి నెలల్లో ఆమె ఎక్కువ మాట్లాడలేదు.

శిబిరం తర్వాతి ఖాళీ

నా దగ్గరికి రావడానికి ముందే ఆమె ఒక పది రోజుల విపశ్యన శిబిరం పూర్తి చేశారు. ఎస్.ఎన్. గోయెంకా గారి పద్ధతిలో జరిగే శిబిరం అది. తెలుగువాళ్ళలో చాలామందికి ఈ పద్ధతి వనస్థలిపురం దగ్గర నాగార్జునసాగర్ రోడ్డు మీద 1976 నుంచి నడుస్తున్న ధమ్మఖేత్త కేంద్రం ద్వారానే తెలుసు. తెల్లవారి నాలుగింటికి గంట మోగుతుంది. పంచశీలాలు, ఆర్యమౌనం (తోటివాళ్ళతో మాటా సైగా లేకుండా ఉండటం) పాటించాలి. మొదటి మూడు రోజులకు పైగా ఆనాపాన, అంటే వచ్చే శ్వాసను, పోయే శ్వాసను గమనించడం. నాలుగో రోజు నుంచి ఒళ్ళంతా సంవేదనలను సమతతో గమనించే విపశ్యన. పదో రోజు అందరి మేలు కోరుకునే మైత్రీ భావన.

ఆమె కడిగిన పలకలా తిరిగొచ్చారు. నిద్ర పట్టింది, కోపం తగ్గింది, కూతురు కూడా "అమ్మా, నువ్వు మారిపోయావే" అంది. శిబిరంలో ఇచ్చే సూచన ప్రకారం ఇంటికొచ్చాక రోజూ ఉదయం గంట, సాయంత్రం గంట కూర్చోవాలి. నైట్ డ్యూటీలు పడే మనిషికి ఆ లెక్క కుదరలేదు. ముందు సాయంత్రం పోయింది, తర్వాత ఉదయమూ పోయింది. రెండు నెలలయ్యేసరికి పాత అలసట మొత్తం తిరిగొచ్చింది, పైగా దాని మీద ఒక కొత్త బరువు. "రెండు గంటలు కూర్చోలేనిదాన్ని, ఇది నాలాంటివాళ్ళకు కాదులెండి" అన్నారు.

ఆ నియమం పట్ల నాకు గౌరవం ఉంది, నేనూ దాని వల్లే బాగుపడ్డాను. కానీ ఈ పరంపర ఎవరి చేతుల మీదుగా వచ్చిందో ఆమెకు చెప్పాను. గోయెంకా గారు మాండలేలో పుట్టిన వ్యాపారి. తీవ్రమైన మైగ్రేన్‌తో 1955లో గురువు దగ్గరికి వెళ్ళారు. ఆ గురువు సయాజీ ఊ బా ఖిన్ బర్మా ప్రభుత్వంలో అకౌంటెంట్ జనరల్, తన ఆఫీసు సిబ్బందికే ధ్యానం నేర్పినవారు. ఆయన గురువు సయా తేజీ కూడా గృహస్థుడే. ఇల్లూ ఉద్యోగమూ ఉన్నవాళ్ళు నిలబెట్టిన సాధన ఇది. మీ డ్యూటీ రోస్టర్ దీనికి అడ్డు కానక్కర్లేదని చెప్పాను.

మతం సంగతి కూడా మాట్లాడుకున్నాం. బుద్ధుడి పేరు వింటే పాస్టర్ గారు ఏమంటారోనన్న సంకోచం ఆమెకు ఉంది. ఇంకోవైపు వాళ్ళ అన్నయ్య ఇంటి హాల్లో అంబేద్కర్, బుద్ధుడి పటాలు పక్కపక్కనే ఉంటాయి. ఆయనకు చెల్లెలు ధ్యానం చేయడం గర్వం. ఇద్దరిలో ఎవరినీ ఒప్పించే పని పెట్టుకోవద్దన్నాను. ప్రార్థన ప్రార్థనగానే సాగింది, సాధన దాని పక్కన చేరింది. ఏడాదిలో ఈ విషయం మీద ఇంకో గొడవ రాలేదు.

సు, దు, అ

మేము పెట్టుకున్న సాధన చిన్నది. స్నానం చేశాక 20 నిమిషాలు కూర్చోవడం. డ్యూటీ ఏదైనా సరే, స్నానం మాత్రం రోజూ ఉంటుంది కదా. గడియారానికి కాకుండా స్నానానికి ముడిపెట్టడంతో నైట్ డ్యూటీ రోజుల్లోనూ అది నిలబడింది. దీనితోపాటు యూనిఫామ్ జేబులో పట్టే ఒక చిన్న నోటుబుక్కు. రోజులో వీలైనప్పుడు ఒక క్షణం ఆగి, అప్పుడు ఒంట్లో, మనసులో ఉన్న వేదన (ఇక్కడ బాధ అని కాదు, ఏ అనుభూతైనా) ఏదో చూసి ఒక్క అక్షరం రాయాలి. సుఖమైతే 'సు', దుఃఖమైతే 'దు', రెండూ కాకపోతే 'అ'. పాళీలో ఆ మూడోదాన్ని అదుక్ఖమసుఖ వేదన అంటారు. సతిపట్ఠాన సుత్తమనే బుద్ధ ప్రవచనంలో వేదనానుపస్సన, అంటే వేదనలను గమనించడం, అని చెప్పే సాధనకు ఇది నర్సు జేబులో పట్టే రూపం.

మొదటి వారాల పేజీలు నిండా 'దు' అక్షరాలే. అక్కడక్కడ ఒక 'సు', అది కూడా ఎక్కువగా టీ తాగినప్పుడు. 'అ' దాదాపు లేదు. నాకు ఆసక్తి కలిగించింది ఆ లేకపోవడమే. మనిషి ఒంట్లో ఏ క్షణమైనా ఎక్కువ భాగం నొప్పీ లేకుండా హాయీ లేకుండా ఉంటుంది. రోజులో ఎక్కువ భాగం కూడా అంతే. ఆమె రోజులో అంత పెద్ద భాగం నోటుబుక్కులోకి రాలేదంటే, ఆమెకు అది కనిపించడం లేదన్నమాట.

ఇక్కడ నాకు మజ్ఝిమ నికాయమనే ప్రవచన సంపుటిలోని చూళవేదల్ల సుత్తం గుర్తొచ్చింది. రాజగృహంలో విశాఖుడనే గృహస్థుడు ధమ్మదిన్న అనే భిక్షుణిని వరసగా ప్రశ్నలు అడుగుతాడు. అట్టకథ, అంటే దాని పాత వ్యాఖ్యానం, ప్రకారం ఆమె ఒకప్పుడు ఆయన భార్యే. వేదనల గురించి అడిగినప్పుడు ఆమె ఇలా అంటుంది: సుఖ వేదన ఉన్నంతసేపు సుఖం, మారితే దుఃఖం. దుఃఖ వేదన ఉన్నంతసేపు దుఃఖం, మారితే సుఖం. రెండూ కాని వేదన తెలిస్తే సుఖం, తెలియకపోతే దుఃఖం. ఇదంతా విశాఖుడు వెళ్ళి చెప్తే, నన్నడిగినా నేను ఇలాగే చెప్పేవాణ్ణని బుద్ధుడు అంటాడు. రెండున్నర వేల ఏళ్ళ కిందటి ఒక స్త్రీ చెప్పిన ఆ మూడో మాట కంటే మంచి వివరణ ఈ నర్సు పరిస్థితికి నాకు దొరకలేదు. "ఏదీ బాగున్నట్టు అనిపించడం లేదు" అన్న మాటకు అర్థం, రెండూ కాని వేదనను ఆమె గుర్తించకుండా దాటేస్తున్నారని. గుర్తించకపోతే అది వెలితిగా మిగులుతుంది.

కాబట్టి కూర్చున్నప్పుడు నొప్పులను వెతకవద్దని, ఒంట్లో ఏ విశేషమూ లేని చోటు ఒకటి పట్టుకోమని చెప్పాను. వారం తర్వాత వచ్చి చాలా సీరియస్‌గా చెప్పారు: "ఎడమ మోచేయి మేడమ్. దానికి ఏమీ లేదు." ఆ మోచేయి మీదే కొన్ని వారాలు పనిచేశాం. ఏమీ లేని చోట మనసు నిలవదు, విసుగొస్తుంది, ఫోన్ కావాలనిపిస్తుంది. ఆ విసుగు కూడా ఒక 'దు' అని, అది వచ్చి కాసేపుండి పోతుందని ఆమె తనంతట తాను చూశారు. రాత్రిపూట అర్ధరాత్రి దాకా ఫోన్ జరపడం వెనక ఉన్నది ఇదేనని గుర్తుపట్టింది కూడా ఆమే. నేను చెప్పలేదు.

మలుపు వార్డులో వచ్చింది. డయాలిసిస్‌లో బీపీ పడిపోవచ్చు, కాళ్ళ కండరాలు పట్టేయవచ్చు, మెషీన్ అలారం కొట్టవచ్చు, ఫిస్టులా దగ్గర సూది కదలవచ్చు. ఒకరోజు మధ్యాహ్నం షిఫ్టులో ఆమె చూసుకుంటున్న మంచాల్లో ఇవేవీ జరగలేదు. నాలుగు గంటలూ రక్తం గొట్టాల్లో తిరిగింది, రోగులు కునుకు తీశారు, అంతే. ఇదివరకైతే అలాంటి రోజు గురించి ఇంట్లో ఎవరైనా అడిగితే "ఏం లేదు, మామూలే" అనేవారు. ఆ రోజు నోటుబుక్కులో వరసగా 'అ' అక్షరాలు రాస్తూ ఆగిపోయారట. "మేడమ్, నేను ఇన్నేళ్ళు కష్టపడింది ఆ ఏమీ జరగకపోవడం కోసమే కదా. అది జరిగినప్పుడు నేను అక్కడ లేను."

ఇది చెప్తున్నప్పుడు ఆమె కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. నాకూ వచ్చాయి. సంతృప్తి గురించి నేను చదివినవాటిలో 'సంతుట్ఠి పరమం ధనం' అన్న ధమ్మపద వాక్యం చిన్నప్పటి నుంచి తెలుసు. అది ఒక మామూలు షిఫ్టు మధ్యలో ఎలా పుడుతుందో అంత దగ్గరగా చూడటం మాత్రం అప్పుడే.

చేతులు కడుక్కునే నిమిషం

రోజు మళ్ళీ మళ్ళీ మొదలవ్వాలంటే ఉదయం కూర్చున్న 20 నిమిషాలు చాలవు. మధ్యాహ్నానికి దాని ఊసే ఉండదు. నర్సు పనిలో అప్పటికే ఉన్న ఒక ఆగుడు కోసం వెతికాం, చేతుల శుభ్రత దొరికింది. సబ్బుతో చేతులు కడగడానికి 40 నుంచి 60 సెకన్లు, శానిటైజర్ రుద్దడానికి 20 నుంచి 30 సెకన్లు పట్టాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. ఒక రోగిని ముట్టుకునే ముందు, ముట్టుకున్న తర్వాత అది తప్పనిసరి. అంటే షిఫ్టులో లెక్కలేనన్నిసార్లు. ఆ సెకన్లలో నీటి చల్లదనం, సబ్బు జారుడు, వేళ్ళ మధ్య రాపిడి, ఇవి తప్ప ఇంకో పని లేదు. అయిపోయాక చేయి తుడుచుకుంటూ మనసులో ఒక మాట: మళ్ళీ మొదలు.

గోయెంకా గారి శిబిరాల్లో కూర్చున్నవాళ్ళందరి చెవుల్లో ఉండే సూచన ఇది. మనసు పారిపోయిందని తెలియగానే చిరాకు పడకుండా మళ్ళీ మొదలుపెట్టమంటారు. శిబిరంలో అది శ్వాసకు సంబంధించిన మాట. ఈమెకు అది రోగికీ రోగికీ మధ్య గీతయింది. కిందటి మంచం దగ్గర విన్న తిట్టు, పడిన కంగారు తర్వాతి మంచం దాకా రాకుండా ఆగడం మొదలైంది. అన్నిసార్లూ కాదు. కానీ ఇంటికి వచ్చేసరికి మోసుకొచ్చే బరువు తగ్గిందని ముందు కనిపెట్టింది అత్తగారు. "ఈ మధ్య తలుపు మెల్లగా వేస్తున్నావు" అన్నారట.

నా దగ్గరికి వచ్చే ఇతర నర్సులకూ, ల్యాబ్ టెక్నీషియన్లకూ ఇప్పుడు కూర్చోవడం కంటే ముందు దీన్నే నేర్పుతున్నాను. విడిగా టైమ్ అడగని సాధన మాత్రమే వాళ్ళ దగ్గర నిలుస్తుంది.

శ్వాస అడ్డం తిరిగినప్పుడు

ఏళ్ళుగా వస్తున్న ఒక రోగి చనిపోయాడు. ఆమెను 'అక్కా' అని పిలిచే కుర్రాడు. ఆ తర్వాత కూర్చుని శ్వాస మీద దృష్టి పెట్టగానే గుండె దడ, ఊపిరి ఆడనట్టు ఉండటం, పీపీఈ మాస్కు లోపలి వేడి, 2021 మే నెల. ఒక్కసారిగా అన్నీ వచ్చాయి. మరుసటి రోజూ అంతే.

'వచ్చింది వచ్చినట్టు చూస్తూ కూర్చోండి' అనే సలహా ఇక్కడ సరిపోదు. గాయం తాలూకు జ్ఞాపకం ఒంట్లో లేచినప్పుడు కళ్ళు మూసుకుని దాని మీదే దృష్టి బిగిస్తే అది ఇంకా పెరగవచ్చు. కోవిడ్ వార్డుల్లో పనిచేసినవాళ్ళకు శ్వాస అనేది తటస్థమైన ఆలంబన కాదు, వాళ్ళు చూసిందంతా శ్వాస ఆగిపోవడమే. ఆనాపాన పూర్తిగా ఆపేశాం. కళ్ళు తెరిచి, అరికాళ్ళు నేలకు తగిలే చోటు మీద దృష్టి. కూర్చోవడం బదులు డాబా మీద నెమ్మదిగా నడక. మెట్రోలో కూడా అంతే: నిలబడి, బూట్ల లోపల అరికాళ్ళు, బోగీ ఊగుడు. ఆ వారాల్లో నేను ఆమెను తరచుగా చూశాను, కోవిడ్ నాటి సంగతులు నెమ్మదిగా మాటల్లోకి వచ్చాయి. ఈ రెండో పని లేకుండా ధ్యానం ఒక్కటే ఉండి ఉంటే ఆమె మానేసేవారని నా నమ్మకం. మానేయడమే మంచిదయ్యేది కూడా.

దుఃఖానికి ఒక చోటు కావలసి వచ్చింది. అంగుత్తర నికాయమనే మరో ప్రవచన సంపుటిలో స్త్రీలు, పురుషులు, గృహస్థులు, భిక్షువులు అందరూ తరచుగా తలచుకోవాలని చెప్పిన ఐదు విషయాలున్నాయి: ముసలితనం, రోగం, మరణం తప్పవు, ఇష్టమైనవాటన్నిటి నుంచీ ఎడబాటు తప్పదు, నా కర్మకు నేనే వారసుణ్ణి. నాలుగోది ఆమె పట్టుకున్నారు. నోటుబుక్కు చివరి పేజీల్లో వెళ్ళిపోయిన రోగుల పేర్లు రాయడం మొదలుపెట్టారు. ఆదివారం ఆ పేర్లు చదువుకుని తన పద్ధతిలో ప్రార్థన చేసుకుంటారు.

ప్రాచీన బౌద్ధ వ్యాఖ్యాత బుద్ధఘోషుడు విసుద్ధిమగ్గమనే గ్రంథంలో కరుణకు దగ్గరి శత్రువు శోకమని, ఉపేక్షకు (ఇక్కడ నిర్లక్ష్యం కాదు, సమభావం) దగ్గరి శత్రువు అజ్ఞానంతో కూడిన ఉదాసీనత అని అంటాడు. చూడటానికి అసలుదానిలాగే ఉంటాయి కాబట్టి దగ్గరి శత్రువులు. వైద్యరంగంలో ఉన్న మనుషులు ఈ రెండింటి మధ్యే ఊగుతుంటారు. ఒకప్పుడు రోగితోపాటు కుంగిపోవడం, కొన్నాళ్ళకు అది భరించలేక రాయిలా మారడం. ఈమె నా దగ్గరికి వచ్చింది ఆ రెండో దశలో. దానికి ఆమె పెట్టుకున్న పేరు 'అనుభవం'.

నైట్ డ్యూటీ తర్వాత వచ్చే నిద్రమత్తుకు మేము వాడింది తన శిష్యుడు మొగ్గల్లానుడికి బుద్ధుడు చెప్పిన చిట్కాలే. చెవి తమ్మెలు లాగి ఒళ్ళు రుద్దుకో, లేచి కళ్ళు నీళ్ళతో కడుక్కుని నక్షత్రాలు చూడు, అటూ ఇటూ నడువు, అప్పటికీ పోకపోతే మెలకువతో పడుకో. ఆమె చాలాసార్లు చివరిదాన్నే ఎంచుకున్నారు. నిద్ర కరువైన ఒంటికి అదే సరైన సాధన.

రోస్టర్

కొన్ని నెలలకు ఆమె నర్సింగ్ సూపరింటెండెంట్‌ను కలిసి, నైట్ డ్యూటీ దిగిన మరుసటి రోజే మళ్ళీ పొద్దున డ్యూటీ వేయవద్దని రాతపూర్వకంగా అడిగారు. ఇన్నేళ్ళలో అదే మొదటిసారి. ధ్యానం చేస్తే మనుషులు అన్నిటికీ సర్దుకుపోతారని, యాజమాన్యాలు అందుకే ఇష్టపడతాయని ఒక విమర్శ ఉంది. అలా వాడుకునేవాళ్ళు ఉన్నారు కూడా. మనుషులు తక్కువై, మంచాలు ఎక్కువైన యూనిట్‌ను ఏ ధ్యానమూ బాగుచేయదు, నర్సులను పెంచాలి. ఈమె విషయంలో నేను చూసింది ఏమిటంటే, కోపం అంచు మీద లేని మనిషి తనకు కావలసింది స్పష్టంగా అడగగలిగింది. కోరిన దాంట్లో సగం దక్కింది. మిగతా సగం కోసం ఇంకా అడుగుతున్నారు.

ఏది దేనివల్ల

ఏడాది చివర పీహెచ్‌క్యూ-9 స్వల్ప స్థాయికి తగ్గింది. నిద్ర మెరుగైంది. ఇందులో ఐరన్ మాత్రల వాటా ఎంత, నైట్ డ్యూటీలు తగ్గడం వాటా ఎంత, మాట్లాడుకోవడం వాటా ఎంత అని విడదీసి చెప్పలేను. ఒక్క కేసుతో అది కుదరదు. సాధనకే చెందుతుందని నేను అనుకునేది ఒకటుంది. నోటుబుక్కు పేజీల్లో 'దు' తగ్గడం కంటే 'అ' పెరగడం ముందు జరిగింది, అది కూడా డ్యూటీలు మారకముందే. ఆ పేజీల తేదీలు చూస్తే అది స్పష్టంగా తెలుస్తుంది.

ఇప్పుడు నెలకోసారి వస్తున్నారు. ఉదయం కూర్చోవడం సాగుతోంది. వారాంతంలో ఆఫ్ దొరికితే దగ్గరలోని సామూహిక సాధనకు వెళ్తారు. శ్వాస మీద దృష్టి పెట్టడం మెల్లగా తిరిగి మొదలుపెట్టాం, కొన్ని నిమిషాలు మాత్రమే, కళ్ళు సగం తెరిచి. రెండో శిబిరానికి వెళ్ళాలని ఆమెకు ఉంది. నేను ఇంకొంత కాలం ఆగమన్నాను, దరఖాస్తులో కోవిడ్ నాటి సంగతి, దడ వచ్చిన సంగతి దాచకుండా రాయమన్నాను. వచ్చే నెలల్లో అత్తగారికి మోకాలి ఆపరేషన్ ఉంది. ఆవిడను చూసుకుంటూ స్నానానికి, డ్యూటీకి మధ్య ఆ 20 నిమిషాలు ఎలా కాపాడుకోవాలన్నది కిందటిసారి మాట్లాడుకున్నాం. కొన్నాళ్ళు అది పదికి తగ్గినా ఫర్వాలేదని, అత్తగారి కాలికి కట్టు మార్చే ముందు చేతులు కడుక్కునే నిమిషాన్ని లెక్కలో వేసుకోవాలని అనుకున్నాం.